నేషనల్ గార్డ్ జీతానికి పన్ను మినహాయింపు: ఏ రాష్ట్రమో చూసుకోండి

అమెరికాలో నేషనల్ గార్డ్ అంటే, చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూనే పనిచేసే రిజర్వు సైనిక దళం. 'నేషనల్ గార్డ్ జీతానికి రాష్ట్ర ఆదాయపు పన్ను ఉండదు' అని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. అది రాష్ట్రాన్ని బట్టి ఉంటుందండీ. మేముండేది పెన్సిల్వేనియాలో. మా అబ్బాయి నెలకో శనివారం తెల్లవారుజామున అయిదింటికే బూట్లు బిగించుకుని గార్డ్ డ్రిల్‌కి, అంటే సైనిక శిక్షణకి, వెళ్తాడు. ఆ శని, ఆదివారాల్లో రోజుకి రెండు చొప్పున నాలుగు డ్రిల్స్ లెక్క. ఒక్కో డ్రిల్‌కి నెల మూల వేతనంలో 30వ వంతు, అంటే రెండు రోజులకు నాలుగు రోజుల జీతం. రాష్ట్రంలోనే చేసే ఈ డ్రిల్ జీతం మీద ఇక్కడ పన్ను పడుతుంది. మినహాయింపు ఉన్నది రాష్ట్రం బయట చేసే యాక్టివ్ డ్యూటీకి, అంటే పూర్తికాలపు సైనిక సేవకి. మిషిగన్‌లో, సౌత్ కరోలినాలో మాత్రం డ్రిల్ జీతాన్ని తీసేసి లెక్క కట్టుకోవచ్చు. టెక్సస్, ఫ్లోరిడా వాళ్లకి ఈ గొడవే లేదు, అసలు రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కదా!

ఎక్కడున్నా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను మాత్రం తప్పదు. డ్రిల్ కోసం ఇంటి నుంచి 100 మైళ్లకు మించి వెళ్లేవాళ్లు ప్రయాణ ఖర్చులు ఫెడరల్ రిటర్న్‌లో తగ్గించుకోవచ్చు. చాలామంది ఇది మర్చిపోతారు.

ఇంకో మాట. ఆఫీసు ఇచ్చే డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే ఫారం) కాక సైన్యం నుంచి వేరే డబ్ల్యూ-2 వస్తుంది. మావాడు మొదటి ఏడాది అది చూసుకోకుండానే ఫైల్ చేసేశాడు. తర్వాత సవరణ రిటర్న్, నాకు టెన్షన్!