ప్రాణానికి రేటు పెంచే లాయరు

ఆదోని నుంచి సియాటిల్ వెళ్లి చదువుకుంటున్న 23 ఏళ్ల అమ్మాయి 2023 జనవరిలో రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్ది చనిపోయింది. గంటకు 25 మైళ్లు దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. మరో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, 11 వేల డాలర్లకు చెక్కు రాసేస్తే సరిపోతుందన్నాడు. ఆమె విలువ అంతంతమాత్రమేనని కూడా అన్నాడు. అతని ఒంటి మీదున్న కెమెరాయే ఆ మాటలు పట్టించింది. 2024లో కుటుంబం వేసిన దావాలో 11 కోట్ల డాలర్లు అడిగారు, దాని పైన ఇంకో 11 వేలు. ఆ 11 వేలు ఎందుకు కలిపారో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నష్టపరిహారం కేసుల లాయరు చేసే పని ఇదే, అంకెతో మాట్లాడించడం. సియాటిల్ కేసు ఆయనది కాదు గానీ, ఈ పనిని అందరికంటే బిగ్గరగా చేసిన మనిషి బెన్ క్రంప్ అనే అమెరికన్ లాయరు.

1969లో నార్త్ కరోలినాలోని లంబర్టన్‌లో పుట్టారు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో 1995లో లా పూర్తి చేసి, టలహాసీలో స్నేహితుడు డారిల్ పార్క్స్‌తో కలిసి ఆఫీసు తెరిచారు. యాక్సిడెంట్లు, గాయాలు, అకాల మరణాలు, ఇవే కేసులు. అంబులెన్స్ వెనక పరిగెత్తేవాళ్లని అక్కడి జనం ఎగతాళి చేసే లాయర్ల కోవలోనే ఆయనా మొదలయ్యారు.

2006 జనవరిలో ఫ్లోరిడాలోని పనామా సిటీలో, బాల నేరస్థులకు సైనిక పద్ధతిలో క్రమశిక్షణ నేర్పే శిబిరంలో చేరిన మార్టిన్ లీ ఆండర్సన్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాడు మర్నాడే చనిపోయాడు. గార్డులు అతన్ని కొట్టడం, ముక్కు దగ్గర అమ్మోనియా పెట్టడం వీడియోలో ఉంది. మొదటి పోస్ట్‌మార్టం మాత్రం రక్తకణాల లోపం వల్ల పోయాడంది. రెండోసారి చేస్తే ఊపిరాడక అని తేలింది. క్రంప్, పార్క్స్ ఆ కుటుంబం తరఫున నిలబడ్డారు. విద్యార్థులు గవర్నర్ ఆఫీసులో బైఠాయించారు. ఆ ఏడాదే ఫ్లోరిడా ఆ తరహా శిబిరాలను మూసేసింది. 2007లో రాష్ట్రం, కౌంటీ షెరీఫ్ కార్యాలయం కలిపి 70 లక్షల డాలర్లకు పైగా ఇచ్చాయి. అదే ఏడాది అక్టోబర్‌లో జ్యూరీ సుమారు గంటన్నరలో తేల్చేసింది, ఏడుగురు గార్డులూ నర్సూ నిర్దోషులేనని.

క్రంప్ జీవితం మొత్తం ఈ కేసులో కనిపిస్తుంది నాకు. క్రిమినల్ కోర్టు తప్పు లేదన్న చోట సివిల్ దారి మాత్రం తప్పుకు ఖరీదు కట్టించింది. ఆ తర్వాత ఆయన చేపట్టిన కేసులూ అంతే. ఇంటి సోదాకు వచ్చిన పోలీసుల కాల్పుల్లో చనిపోయిన బ్రియోనా టేలర్ కుటుంబానికి 2020లో లూయీవిల్ నగరం 1.2 కోట్ల డాలర్లతో పాటు, సోదా వారెంట్లకు పై అధికారి ఆమోదం ఉండాలన్న మార్పునూ ఒప్పుకుంది. పోలీసు మెడ మీద మోకాలు పెట్టి నొక్కడంతో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి 2021 మార్చిలో మినియాపొలిస్ నగరం 2.7 కోట్ల డాలర్లు ఇచ్చింది, అప్పటికి హంతకుడి విచారణకు జ్యూరీ ఎంపిక ఇంకా నడుస్తోంది. నల్ల అమెరికాకు అటార్నీ జనరల్ అని నల్లజాతి హక్కుల నాయకుడు అల్ షార్ప్‌టన్ క్రంప్‌కు బిరుదిచ్చారు.

బిరుదు బాగానే ఉంది గానీ, ఆ డబ్బు కట్టింది ఎవరు? మెడ మీద మోకాలు పెట్టినవాడు కాదు, పన్నులు కట్టే ఊరు. పోలీసు జేబుకు చిల్లు పడకపోతే అలవాటు ఎందుకు మారుతుంది? 2014లో క్లీవ్‌లాండ్‌లో పోలీసు కాల్చి చంపిన పన్నెండేళ్ల టామిర్ రైస్ తల్లి, తమ పోరాటాన్ని సొమ్ము చేసుకుంటున్నారని 2021లో క్రంప్‌ను పేరుపెట్టి విమర్శించారు. కొడుకు పోయిన తల్లి మాటను లాయరు మాటతో కొట్టిపారేయలేం.

అయినా ఆయన ఫీజు మీద వచ్చే విసుర్లు నాకు అంత సబబుగా అనిపించవు. అమెరికాలో ఇలాంటి కేసులు గెలిస్తేనే ఫీజు, సాధారణంగా వచ్చినదాంట్లో మూడో వంతు. పైసా లేని తల్లి తరఫున ఏళ్ల తరబడి పోరాడే స్వేచ్ఛ లాయరుకు ఆ వాటా వల్లే వచ్చింది. జీతం ఇచ్చే యజమాని లేడు, అలిగి వెళ్లిపోయే పెద్ద క్లయింటూ లేడు. టీవీ కెమెరా ముందు నిలబడి నగరపాలకులను నిలదీస్తే పోయేదేమీ లేదు, పైగా వచ్చేదే ఉంది. లీడరయ్యాక వ్యాపారం వచ్చిందా, వ్యాపారం కోసం లీడరయ్యారా అని విడదీసి చూడటం కుదరని పని.

మన దగ్గర గెలిచినదాంట్లో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం, ప్రకటనలు ఇచ్చుకోవడమూ నిషిద్ధమే. అయితే జిల్లా కోర్టు ఆవరణలో కాసేపు నిలబడితే పర్సంటేజీ మాట వినపడకుండా ఉండదు. చాటుగా నడిచే లెక్క కాబట్టి అడిగేవాడు లేడు, ఆ లాయరు మైకు ముందుకు రాలేడు. రోడ్డు ప్రమాదాల కేసుల్లో వచ్చే డబ్బు సంగతా? పోయినవాళ్ల సంపాదన చూసి, వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేస్తారు, 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆ గుణకాల పట్టికను స్థిరం చేసింది. గుద్దిన బండి దొరక్కపోతే చావుకు 2 లక్షలు.

ఇరవై ఏళ్లుగా క్లెయిమ్ కేసులు చూస్తున్న లాయరు బీరువాలో ఆ జిల్లా హైవే చరిత్రంతా ఉంటుంది. ఒకే మలుపు, ఒకే వెలగని లైటు, ఒకే డివైడర్ సందు, ఫైలు తర్వాత ఫైలు. ఆ కట్ట పట్టుకుని కలెక్టరేటుకు వెళ్లినవాళ్లు నా ఎరుకలో లేరు. ఆ మలుపు ఎక్కడుందో ఆయన గుమస్తాకి కూడా తెలుసు.