ఇనుప జాలీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇనుప జాలీ గారికి,

బరంపురం నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. బొటనవేలికి కట్టుంది.

మిమ్మల్ని కొన్న రోజు చిన్నచూపు చూశాను, ఒప్పుకుంటాను. రెండు కుందేళ్ళకి మధ్యలో అడ్డం దేనికి, ఒకే బుట్టలో వేస్తే అవే కలిసిపోతాయి కదా అనుకున్నాను. రెండూ ఆడవేనని అమ్మినాయన ఒట్టేశాడు కూడా. పశువుల డాక్టరు గారు తిరగేసి చూసి, జున్ను ఆడదే గానీ ఛెనా మగది అన్నారు. నెలరోజులకే ఈనే జాతి, మాదేమో రెండు గదుల ఇల్లు! వెంటనే రెండిటికీ ఆపరేషన్. అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాలు మగదాన్ని నమ్మకూడదట. అన్నాళ్ళూ మీరే కాపలా.

సరిహద్దులు మాకు కొత్త కాదు లెండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. అయినా మా అమ్మ అట్నుంచే కోడలిగా వచ్చింది. మీరూ ఆ రకమే, ఒంటిని ఆపుతారు గానీ వాసనని ఆపరు. జున్ను గడ్డి ఛెనాకి, ఛెనా పడుకున్న గోనెపట్టా జున్నుకి, రోజూ సారె మోసినట్టు మోశాను. జున్ను ఆ సారెకి గడ్డం రుద్ది, తన వాసన పట్టించి, ఆపైన ఉచ్చ పోసింది. మా వంశంలో సారెకి ఇంతకంటే గొప్ప మర్యాదేమీ జరగలేదు.

ఆరు వారాలు నిండిన మర్నాడే, జున్ను ఉండే వసారాలోనే మిమ్మల్ని పీకేశాను. తన పుట్టింట్లో ఎవడో కొత్తవాడు కాళ్ళు చాపితే ఊరుకుంటుందా? రెండూ ఒకదాని వెనక ఒకటి గిరగిరా తిరుగుతుంటే ఆట అనుకుని ఫోన్ తీశాను. వీడియో నిండా బొచ్చే. విడదీయడానికి చెయ్యి పెట్టకూడదనీ, తువ్వాలు అడ్డం వేయాలనీ నాకంటే ముందు నా బొటనవేలికి తెలిసింది. మిమ్మల్ని మళ్ళీ నిలబెట్టాను, ఈసారి రెండు వరసల్లో, మధ్యన నాలుగు వేళ్ళ సందుతో. ముక్కులు దక్కాలి కదా.

ఇప్పుడు రోజుకి పది నిమిషాలు బాత్రూంలో భేటీ. జారకుండా పాత దుప్పటి పరిచాం. ఆ గది మీద రెండిటికీ హక్కు లేదు, పొద్దున ఎనిమిదింటికి నాకైతే అసలే లేదు. నిన్న జున్ను తల నేలకానించి ఛెనా ముందు పెట్టింది. నాకమని అడగడం అది. ఛెనా నాకలేదు, అదీ తల వంచేసింది. ముందు ఎవరు పలకరించాలో తేలని వియ్యంకుల్లా రెండూ అలాగే ఉండిపోయాయి. నా మోకాళ్ళు పట్టేశాయి.

మా ఆవిడ వడియాలకి కాకులు పడకుండా మిమ్మల్ని డాబా మీదికి అడుగుతోంది. అప్పుడే ఇవ్వనన్నాను.

ఇట్లు,
రెండు పూటలా మిమ్మల్ని తడిగుడ్డతో తుడిచే
భవదీయుడు