అనుమతి వేరు, అక్రిడిటేషన్ వేరు

బిజినెస్ స్కూల్ ఎంపికపై వచ్చిన ఓ వ్యాసంలో ప్లేస్‌మెంట్లు, ఫీజులు చూడమన్నారు. బాగానే ఉంది. కానీ అందులో ‘ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి ఉంటే అక్రిడిటేషన్ ఉన్నట్టే’ అనడం సరికాదండీ. ఏఐసీటీఈ ఇచ్చేది కోర్సు నడుపుకోవడానికి అనుమతి మాత్రమే. చదువు నాణ్యత చూసి ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్) ఇచ్చే గుర్తింపు అక్రిడిటేషన్. అదీ కాలేజీ మొత్తానికి కాదు, ఒక్కో కోర్సుకి, కొన్నేళ్ల గడువుతో. మీ అబ్బాయి చేరే కోర్సుకి ఉందా, గడువు దాటిందా అన్నది ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. బ్రోషర్‌ని నమ్మకండి.

పీజీడీఎం (మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా)లో చేరేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. అది డిగ్రీ కాదు, డిప్లొమా. ఎంబీఏతో సమానమని ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) గుర్తించాలంటే ఏఐసీటీఈ అనుమతితో పాటు ఎన్‌బీఏ అక్రిడిటేషన్ కూడా కావాలి. కంపెనీ ఉద్యోగాల్లో ఎవరూ అడగకపోవచ్చు. పీహెచ్‌డీకో, లెక్చరర్ పోస్టుకో అప్లై చేసినప్పుడు మొదలవుతుంది టెన్షన్.

విదేశీ అక్రిడిటేషన్లలో పెద్దవి ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా. మన హైదరాబాద్ ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)కి మూడూ ఉన్నాయి. కొన్ని కాలేజీలు మాత్రం ‘ఏఏసీఎస్‌బీ సభ్యులం’ అని హోర్డింగ్ పెడతాయి. సభ్యత్వం అంటే ఫీజు కట్టి చేరడం, అంతే. అక్రిడిటేషన్ వచ్చిన స్కూళ్ల జాబితా ఏఏసీఎస్‌బీ సైట్‌లో విడిగా ఉంటుంది. కౌన్సెలింగ్‌కి వెళ్లేముందు అందులో కాలేజీ పేరు వెతకండి.