పన్లోపని గారికి బహిరంగ లేఖ

అయ్యా పన్లోపని గారూ,

నమస్కారం. మీరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పాల కోసం పంపిన పిల్లాడితో పన్లో పనిగా కరెంటు బిల్లు కట్టించి, పిండి పట్టించి, చివరికి పాలు మరిచిపోయి ఇంటికొచ్చేలా చేసింది మీరే. తిట్లు తిన్నది నేను. ఇప్పుడు సర్వర్లు, అంటే వెబ్‌సైట్లను నడిపే కంప్యూటర్లు, చూసుకునే పనిలో ఉన్నాను. తిట్లు ఇప్పటికీ నాకే, మీ పేరు మాత్రం ఎక్కడా బయటికి రాదు. అందుకే ఈ ఉత్తరం.

వరలక్ష్మీ వ్రతం ముందు వారం మీకు గుర్తుండే ఉంటుంది. అనంతపురంలో ఒక పట్టుచీరల అంగడి వాళ్ల వెబ్‌సైటు నా చేతిలో ఉంది. సాయంత్రం ఏడింటికి టవర్ క్లాక్ దగ్గర మిరపకాయ బజ్జీల పొట్లం విప్పానో లేదో, ఓనరు ఫోను. "సార్, చీరలన్నీ కనిపిస్తాండాయి. ఆర్డర్ కొడితే మాత్రం తిరుగుతానే ఉంది, లాస్టుకు 504 అని వస్తాంది." సగం జబ్బు ఆయనే చెప్పేశాడు. వినే తీరిక మీరు ఇస్తే కదా!

ఇంటికి పరుగెత్తి సర్వర్‌లోకి లాగిన్ అయ్యాను. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టంతో నడిచే సర్వర్ లోపలికి రాగానే డిస్క్ ఎంత నిండిందో, మెమరీ ఎంత వాడకంలో ఉందో నాలుగు ముక్కలు చెబుతుంది. గుమ్మంలోనే కుశలం అడిగే పెద్దావిడ లాంటిది. రోజూ అడిగే మాటని ఎవరు వింటారు? నేనూ దాటేసి లోపలికి పోయాను. అక్కడి నుంచి మీరు అందుకున్నారు.

మొదట పాత బ్యాకప్‌లు తీయించారు. చోటు కోసం కాదు, చూడటానికి చిందరవందరగా ఉన్నాయని. వచ్చినవాళ్లు అడిగింది లోపలికి అందించే ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు జవాబు కోసం చూసి, రాకపోతే 504 అంటుంది, దాన్ని 300 చేయించారు. సైటు ప్రోగ్రామును నడిపే టామ్‌క్యాట్‌లో ఒకేసారి పని చేసే థ్రెడ్లు 200 ఉంటే 800 చేయించారు. ఆర్డర్లు దాచుకునే డేటాబేసు మైఎస్‌క్యూఎల్ కనెక్షన్లు మాత్రం మొదట్నుంచీ ఉండే 151 దగ్గరే వదిలేశారు, చదివింపుల 116 లాగా అదీ శుభసంఖ్య అనుకున్నారేమో. 151 విస్తళ్లు వేసి 800 మందిని పిలిచినట్టయింది. టామ్‌క్యాట్ నడిచేది జావా మీద, దాన్నీ కొత్తది ఎక్కించారు. వివరంగా తెలియాలని, జరిగిందంతా రాసుకునే లాగ్‌ను ప్రతి చిన్న విషయమూ రాసే డీబగ్‌లో పెట్టించారు. అన్నీ అయ్యాక రీస్టార్ట్. మధ్యలో ఓనరుతో వైఫై రౌటరు కూడా ఆపించి ఆన్ చేయించారు, దానికీ దీనికీ ఏం చుట్టరికమో మీకే తెలియాలి.

సైటు లేచింది. "పాత జావా సార్, దాంతోనే తంటా" అని ఎంత ధీమాగా చెప్పానో! రెండు గంటలకు మళ్లీ పడుకుంది. ఈసారి 504 రావడానికి ఒక నిమిషం కాదు, అయిదు నిమిషాలు పట్టింది. మీ మార్పులన్నిటిలో కంటికి కనబడిన అభివృద్ధి అదొక్కటే. వెనక్కి తీద్దామంటే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. పాత విలువలు రాసిపెట్టుకోలేదు కూడా.

అప్పుడు గుర్తొచ్చాడు బోరు మెకానిక్కు. పోయిన ఎండాకాలం గార్లదిన్నె పక్క మా మామ చీనీతోటలో మోటరు ఆగింది. 600 అడుగుల లోతు. పైకి లాగాలంటే ట్రాక్టరు, మనుషులు, ఒక రోజు పని. మామ అప్పటికే మీ పార్టీలో చేరిపోయి, "మోటరు లాగేద్దాం, పన్లో పనిగా కేబులు మార్చేద్దాం, స్టార్టరూ పాతదే" అంటున్నాడు. మెకానిక్కు పలకలేదు. టెస్ట్ బల్బుతో మూడు ఫేజులూ చూశాడు. కరెంటు ఉంది. స్టార్టరును పక్కనపెట్టి మోటరుకు నేరుగా లైను ఇచ్చాడు (ఇది మీరు చేయకండి, ఆయన చేయి తిరిగినవాడు). నీళ్లు దూకాయి. 600 అడుగుల్లో ఉన్న ఏ వస్తువుకూ దోషం లేదని అక్కడికక్కడే తేలిపోయింది. స్టార్టరు మూత విప్పితే కాంటాక్టు పాయింట్ల మధ్య చీమలు. బ్రష్షుతో తుడిచి బిగించాడు.

"మరి కేబులు?" అన్నాడు మామ.

"యాలన్నా, కేబులు నిన్నేం జేసింది?"

ఆ రాత్రి మీకు చెప్పకుండా నేనూ అదే పని చేశాను. ఎన్‌జిన్‌ఎక్స్‌ను పక్కనపెట్టి, సర్వర్ లోపలి నుంచే కర్ల్ అనే కమాండుతో నేరుగా టామ్‌క్యాట్ ఉండే 8080 పోర్టును పిలిచాను. చీరల పేజీ రెప్పపాటులో వచ్చింది. ఆర్డరు పంపితే అక్కడా ఆగింది. దాంతో ఎన్‌జిన్‌ఎక్స్, ఇంటర్నెట్, రౌటరు, కస్టమర్ల ఫోన్లు అన్నీ ఒక్కసారిగా నిర్దోషులైపోయాయి. చదవడం జరుగుతోంది, రాయడం జరగట్లేదు. ఓనరు ఏడింటికే చెప్పిన మాట ఇదే. మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్ తెరిస్తే పాపం ఎంతో మర్యాదగా రాసుకుంది: డిస్క్ నిండింది, ఎవరైనా చోటు ఖాళీ చేస్తారని చూస్తున్నాను, 60 సెకన్లకు మళ్లీ ప్రయత్నిస్తాను.

డిస్క్‌ను మింగింది టామ్‌క్యాట్ వారి కెటలీనా డాట్ అవుట్ అనే లాగ్ ఫైలు. ఎవరూ కత్తిరించకపోతే అది పెరుగుతూనే ఉంటుంది. నలభై జీబీ డిస్కులో అదొక్కటే ముప్పై ఒకటి. మీరు బ్యాకప్‌లు తీయించడం వల్ల దొరికిన చోటే ఆ రెండు గంటల ఊపిరి. దాన్ని అంత వేగంగా తినేసింది మీరు పెట్టించిన డీబగ్గు. జావాకు ఏ పాపమూ తెలియదు. ఫైలును డిలీట్ చేసినా టామ్‌క్యాట్ పట్టుకుని ఉన్నంతసేపు చోటు తిరిగిరాదు కాబట్టి, ఫైలును అలాగే ఉంచి లోపలున్నది ఖాళీ చేశాను. నిమిషం తిరిగేసరికి మైఎస్‌క్యూఎల్ దానంతటదే తేరుకుంది.

ఆ తర్వాత డీబగ్ తీసి ఒక టెస్టు ఆర్డరు, థ్రెడ్లు తగ్గించి ఒక ఆర్డరు, 300ను 60 చేసి ఒక ఆర్డరు. తెల్లవారుజాము మూడయింది. మీరైతే అన్నీ కలిపి అయిదు నిమిషాల్లో కానిచ్చేవారు.

పొద్దున్నే ఓనరు ఫోను. "సైటు సూపర్‌గా ఉంది సార్. ఎట్లా సర్వర్ దగ్గరే ఉండారు కదా, పన్లో పనిగా..."

సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

ఇట్లు,
మీ పాత శిష్యుడు,
అనంతపురం