నాలుగు చిల్లులు, నాలుగు వేళ్లు

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మా పాత మారుతి 800లో ఆయిల్ దీపం ఎర్రగా మిణుకుమిణుకుమనేది. కంటికి చిరాకేసి, మా ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి దానిమీద అంటించాను. దీపం కనపడలేదు, జబ్బు నయమైందనుకున్నాను. వారం తిరక్కుండా ఇంజన్లో ఎవరో రోకలితో పసుపు దంచుతున్న చప్పుడు మొదలైంది.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ ఇంజను దించి విప్పాడు.

"ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది సార్?"

"తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నానుగా!"

"పోయడం కాదు సార్, తీయడం."

ఇంజను కింద ఆయిలు నిలిచే ఛాంబరు అడుగున మడ్డి ముదురు బెల్లంపాకంలా ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే నిలబడింది. పంపు తోసిన ఆయిలు బ్లాకులోని, అంటే ఇంజను దిమ్మలోని, సన్నటి దారుల్లోంచి పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకు, కూర్చునే నాలుగు బేరింగులకీ వెళ్లాలట, అక్కణ్ణుంచి క్రాంకు లోపలి చిల్లుల గుండా, పిస్టన్లని దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లకీను. దారి పూడితే బేరింగు ఎండి అరిగిపోతుంది. నా రోకలి పోటు అదే.

మేస్త్రీ బ్లాకుని బల్లమీద పక్కకి పడుకోబెట్టి, దారుల మూతలు ఊడదీసి, కిరసనాయిలు పోసి నానబెట్టాడు. సైకిల్ బ్రేకు వైరు కొస పీచులా విప్పి, అరుగుమీద చెవిలో కోడిఈక తిప్పుకునేవాడి తన్మయత్వంతో లోపల తిప్పాడు. సరిగ్గా అప్పుడే మా మామగారు దిగారు. గృహప్రవేశానికి టైమవుతోందట. ఇస్త్రీ పంచె, మల్లెపువ్వులాంటి చొక్కా. బ్లాకుకి అవతలివైపు నిలబడి వాచీ చూసుకుంటున్నారు.

"సార్, ఈ నాలుగు చిల్లులూ వేళ్లతో గట్టిగా మూయండి, గాలి కొడతా" అన్నాడు మేస్త్రీ.

ఇంజనీరింగు చదివినవాణ్ణి, ఆమాత్రం చేయలేనా? చక్కగా మూశాను. ఒక్క చుక్క బయటికి రానిస్తే ఒట్టు. కాకపోతే అదే దారిలోంచి ఇంకో పాయ బ్లాకుపైన కూర్చునే హెడ్డులోకి పోతుందనీ, దాని మూతి అవతలివైపే తెరుచుకుని ఉందనీ నాకెవరూ చెప్పలేదు.

కంప్రెసర్ గాలి 'బుస్స్' మంది. లోపల ఏదో 'గుళుక్కు'మంది. ఆ తర్వాత మామగారి మెడ దగ్గర్నుంచి మోకాలిదాకా ఏళ్లనాటి ఆయిలు, ఒకటే గీత, స్కేలు పెట్టి కొట్టినట్టు.

ఎవ్వరూ మాట్లాడలేదు. మేస్త్రీ వంగి ఆ చిల్లులోకి టార్చి కొట్టి చూశాడు.

"హెడ్డు లైను క్లియర్ సార్!"

మామగారు పంచె విప్పి, మచ్చ కుచ్చిళ్లలోకి పోయేలా మళ్లీ కట్టి, చొక్కామీద కండువా కప్పుకుని ఆటో ఎక్కారు. ఎక్కుతూ, "అల్లుడుగారూ, మీరు మాత్రం కారులోనే రండి" అన్నారు.


కారు అయిదోరోజుకి గానీ కదల్లేదు.