గడ్డు ఏడాదికి వీడ్కోలు: ప్రతి నష్టాన్నీ పాఠం చేయాలా?

2014 డిసెంబరులో ఫేస్‌బుక్ తన ఖాతాదారులకు ఒక కానుకలాంటిది తయారు చేసింది. ఏడాది పొడవునా వాళ్లు పెట్టుకున్న ఫొటోల్లో ఎక్కువమంది స్పందించినవాటిని ఏరి, చుట్టూ సంబరం చేసుకునే మనుషుల బొమ్మలు పేర్చి, ‘మీ ఏడాది ఇలా గడిచింది’ అన్నట్టు చూపించింది. ఒక తండ్రికి ఆ బొమ్మల నడుమ తన చిన్నారి కూతురి ముఖం కనిపించింది. ఆ పాప ఆ ఏడాదే క్యాన్సర్‌తో చనిపోయింది. ఆయన తన బాధను బహిరంగంగా రాశారు. సంస్థ తరఫున క్షమాపణ చెప్పారు. ఎవరూ కావాలని చేసిన పని కాదది. ఎక్కువమంది స్పందించిన ఫొటో అంటే సంతోషంగా ఉన్న ఫొటోనే అయ్యుంటుందని ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు అనుకున్నారు, అంతే.

పొరపాటు యంత్రానిదే అని వదిలేయలేం. డిసెంబరు చివరి వారంలో మనమూ అదే చేస్తుంటాం. ఎదుటి మనిషికి ఆ పన్నెండు నెలలు ఎలా గడిచాయో తెలుసుకోకుండానే ‘ఈ ఏడాది ఏం సాధించావు?’, ‘వచ్చే ఏడాది ప్లాన్ ఏంటి?’ అని అడిగేస్తాం. అమ్మను పోగొట్టుకున్న మనిషి, ఉద్యోగం పోయి ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉన్న మనిషి, బిడ్డ జబ్బుతో ఆస్పత్రి వరండాల్లోనే ఏడాదంతా గడిపిన మనిషి ఏం చెప్పాలి? చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. కొందరైతే అడిగినవాళ్లు ఇబ్బంది పడతారేమోనని తామే సర్దుకుని, ‘చాలా నేర్చుకున్నానండీ’ అంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కష్టంలో ఉన్న మనిషి మీద మనం ఇంకో బరువు పెట్టామని అర్థం. కష్టపడింది చాలదు, దాన్నుంచి ఏదో ఒకటి సంపాదించి కూడా చూపించాలి. తల్లి చనిపోతే జీవితం విలువ తెలిసొచ్చిందనాలి. ఉద్యోగం పోతే కొత్త దారి దొరికిందనాలి. ‘ఏది జరిగినా మన మంచికే’ అని మనవాళ్లు ఓదార్పుగా అనే మాట ఉంది కదా, అది చెప్పేవాడికి తేలిక, వినేవాడికి చాలా బరువు.

ఏడాది చివర వెనక్కి చూసుకోవడం మంచి పనే. కానీ ఆ జమాఖర్చులో రెండు పద్దులు విడివిడిగా రాసుకోవాలి. ఒకటి మన తప్పులు: వాయిదా వేసిన వైద్య పరీక్ష, కోపంలో తూలిన మాట, స్తోమతకు మించి చేసిన అప్పు. వీటి వెనక మన నిర్ణయం ఉంది, ఇంకోసారి ఇంకోలా చేయొచ్చు. రెండోది మన నష్టాలు: మరణం, జబ్బు, కంపెనీ మూతపడి అందరితో పాటు మన ఉద్యోగమూ పోవడం, వరద, యుద్ధం. వీటిలో మనం తీసుకున్న నిర్ణయం ఏమీ లేదు. మార్చుకోవడానికీ ఏమీ లేదు.

ఈ రెండూ కలిపి రాస్తే లెక్క రెండు విధాలా తప్పుతుంది. నష్టాన్ని తప్పుల్లో వేసుకున్నవాళ్లు ‘నేను ఇంకొంచెం ముందు మేలుకుని ఉంటే’ అని ఏళ్ల తరబడి తమను తామే నిలదీసుకుంటారు. తప్పును నష్టాల్లో వేసుకున్నవాళ్లు ‘ఆ ఏడాదే బాగాలేదు’ అనేసి, చేసిన పనే మళ్లీ చేస్తారు. పాఠాలు మొదటి పద్దులోనే ఉంటాయి. రెండో పద్దులో ఉన్నది దుఃఖం. దానికి కొంత చోటు, కొంత సమయం కావాలి. అంతకు మించి దాన్ని ఏదీ అడగకూడదు.

ఏడాదినే తిట్టడం గురించి ఒక మాట. 2020 డిసెంబరు 31 రాత్రి ప్రపంచంలో చాలామంది ‘ఈ ఏడాది పీడ విరగడైతే చాలు’ అనుకున్నారు. అనుకోవడంలో తప్పేం లేదు. ఆ మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. అప్పటి నుంచి మనుషులు ఒకరికొకరు దూరంగా బతికారు, ఆత్మీయుల్ని చివరి చూపు కూడా చూసుకోలేకపోయారు. డిసెంబరులో టీకాలు మొదలవడంతో అంకె మారితే అంతా మారుతుందన్న ఆశ కలిగింది. తర్వాత ఏమైందో మనకు తెలుసు. 2020, 2021 రెండేళ్లలో మహమ్మారి వల్ల నేరుగానో పరోక్షంగానో దాదాపు 1.49 కోట్ల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని ఆ సంస్థే 2022లో అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం 2021వే. పీడ అంకెలో లేదు. అంకెను తిట్టి ఊపిరి పీల్చుకున్నవాళ్లకు రెండో ఏడాది దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది.

అసలు ఆ గీత గీసింది మనమే. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆకాశంలో ఏ మార్పూ ఉండదు. ఇంగ్లండ్‌లో 1752కు ముందు చట్టప్రకారం సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జూలియస్ సీజర్ క్యాలెండర్‌ను సరిచేసినప్పుడు క్రీ.పూ. 46వ సంవత్సరానికి ఏకంగా 445 రోజులు వచ్చాయి. ఆ ఏడాది కష్టాల్లో ఉన్నవాళ్ల సంగతి ఆలోచిస్తే జాలేస్తుంది. ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసే ఏడాదికి, మన 365 రోజుల లెక్కన చూస్తే, ఎనభై రోజులు అదనం!

మనిషి గీసిన గీతే అయినా దాని వల్ల లాభం లేకపోలేదు. కొత్త వారం, కొత్త నెల, కొత్త ఏడాది మొదట్లో జనం వ్యాయామం, ఆహార నియమాల వైపు ఎక్కువగా మొగ్గుతారని హెంగ్‌చెన్ డాయ్, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. పాత తప్పులు చేసిన ‘నేను’ గీతకు అవతల ఉండిపోయాడు, ఇవతల ఉన్నది వేరే మనిషి అన్న భావన కొంత ధైర్యాన్ని ఇస్తుందట. మళ్లీ మొదటి పద్దుకే వచ్చాం చూడండి. గీత ఉపయోగపడేది తప్పుల విషయంలో. నష్టాలు గీత దాటి మనతోనే వస్తాయి. జనవరి 1 ఉదయం కూడా పోయిన మనిషి కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

జ్ఞాపకం పనిచేసే తీరు ఇంకో చిక్కు తెస్తుంది. 1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఒకసారి చెయ్యిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు ఉంచమన్నారు. ఇంకోసారి అదే 60 సెకన్లు ఉంచాక, ఇంకో 30 సెకన్లు అలాగే ఉంచమని, ఆ అరనిమిషంలో నీటి వేడిని మెల్లగా 15 డిగ్రీలకు పెంచారు. రెండింటిలో ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. మొత్తంగా పడ్డ బాధ రెండోసారే ఎక్కువ. అయినా చివర బాధ కొంచెం తగ్గింది కాబట్టి మొత్తం అనుభవమే నయమనిపించింది. జరిగినదాన్ని మనసు సగటు తీసి గుర్తుపెట్టుకోదు. బాధ పతాక స్థాయికి చేరిన క్షణమూ, చివరి క్షణమూ ఎక్కువగా లెక్కలోకి వస్తాయి.

1968లో జరిగింది ఇదే. ఆ ఏప్రిల్‌లో అమెరికా పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్‌ను, జూన్‌లో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రాబర్ట్ కెనడీని చంపేశారు. వియత్నాం యుద్ధం తీవ్రంగా సాగుతోంది. అమెరికా నగరాలు తగలబడ్డాయి. డిసెంబరు 24న అపోలో 8 నౌకలోని ముగ్గురు వ్యోమగాములు చంద్రుడి చుట్టూ తిరుగుతూ, చంద్రుడి అంచు మీదుగా పైకి వస్తున్న భూమిని ఫొటో తీశారు. భూమికి తిరిగొచ్చాక కమాండర్ ఫ్రాంక్ బోర్మన్‌కు వచ్చిన టెలిగ్రాముల్లో ఒకటి, ‘మీరు 1968ని కాపాడారు’ అని చెప్పింది. ఆ టెలిగ్రాం పంపిన మనిషి మనసు నాకు అర్థమవుతుంది. ఏడాదంతా చీకటి చూసినవాళ్లకు చివర ఒక నీలిరంగు గోళం కనిపిస్తే ఎంత ఊరట! కానీ కింగ్ పిల్లలకు, యుద్ధం నుంచి తిరిగిరాని కుర్రాళ్ల తల్లులకు ఆ ఏడాదిని ఎవరు కాపాడగలరు? ఏడాదిని మంచిగా ముగించడం అవసరమే. ఆ ముగింపు మొత్తం ఏడాది మీద రంగు పూసేస్తుందని కూడా తెలిసి ఉండాలి. ఆ రంగు కింద ఎవరి బాధ కప్పబడిపోయిందో చూడకపోతే, మనకు తెలియకుండానే వాళ్లను ఒంటరి చేస్తాం.

ఇక వెనక్కి చూసుకోవడం ఎలా? ఇది అందరికీ మేలు చేసే పని కాదని ముందే చెప్పాలి. ఆలోచించడానికీ నెమరువేయడానికీ తేడా ఉంది. 1989 అక్టోబరులో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి 14 రోజుల ముందే సుసాన్ నోలెన్ హోక్సిమా, జానీ మారో స్టాన్‌ఫోర్డ్ విద్యార్థుల మానసిక స్థితిని, బాధ కలిగినప్పుడు వాళ్లు దాన్ని ఎలా తీసుకుంటారన్నదాన్ని నమోదు చేసి ఉన్నారు. భూకంపం తర్వాత చూస్తే, బాధనే పదే పదే తలుచుకునే అలవాటున్నవాళ్లలో ఏడు వారాల తర్వాత కూడా కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ‘నాకే ఎందుకిలా?’ అన్న ప్రశ్నకు జవాబు ఉండదు, అందుకే అది ఆగదు. రాత్రి రెండింటికి నిద్ర పట్టక పక్క మీద దొర్లుతూ వేసే లెక్కలు అలాంటివే. వాటిని సమీక్ష అనుకోకండి.

రాసుకోవడం వేరు. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల్ని వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని అతి బాధాకరమైన సంఘటన గురించి రాయమన్నారు. ఏం జరిగిందన్నదీ, అప్పుడు తమకేమనిపించిందన్నదీ రెండూ రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. నాకు ముఖ్యమనిపించింది ఇంకోటి. రాసిన వెంటనే వాళ్ల దిగులు తగ్గలేదు, పెరిగింది. వెనక్కి చూసుకుంటే మనసు తేలికవుతుందని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. డిసెంబరు చివర కాగితం ముందు కూర్చుని ఏడుపు వచ్చిందంటే పని చెడిపోయిందని కాదు. అలాగని నెల కిందటి గాయాన్ని తేదీ వచ్చింది కదా అని కెలకనక్కర్లేదు. ఇప్పుడు చేతకాకపోతే ఏప్రిల్‌లో రాసుకోవచ్చు, ఇంకో ఏడాదికి రాసుకోవచ్చు. ఏం చేసినా ఊపిరాడనంత బరువుగా ఉంటే అది ఒంటరిగా మోసే పని కాదు. డాక్టరుతోనో కౌన్సిలర్‌తోనో మాట్లాడాలి.

మరి సంబరం? ఇంట్లో ఇంత జరిగాక నవ్వొచ్చా అన్న ప్రశ్న చాలామందిని లోపల తొలిచేస్తుంది. పోయినవాళ్లకు ద్రోహం చేస్తున్నామేమోనని. డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో 1997లో ఈ విషయం మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. జీవిత భాగస్వామి చనిపోయిన ఆరు నెలలకు ఆ మనిషి గురించి మాట్లాడుతూ మనస్ఫూర్తిగా నవ్వగలిగినవాళ్లలో మానసిక వేదన తక్కువగా ఉంది, చుట్టూ ఉన్నవాళ్లతో సంబంధాలు కూడా మెరుగ్గా ఉన్నాయి. నవ్వినవాళ్లు మరిచిపోయినవాళ్లు కారు. వాళ్లు మాట్లాడుతున్నదే పోయిన మనిషి గురించి. దుఃఖమూ నవ్వూ ఒకే గంటలో, ఒకే మనిషిలో ఉంటాయి. చావింట్లో అర్ధరాత్రి ఎవరో పాత సంగతి గుర్తుచేస్తే అందరూ ఫక్కున నవ్వి, మరుక్షణం కళ్లు తుడుచుకోవడం చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు.

సంబరంలో లేని మనుషులకూ చోటు ఉండాలి. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1907 నుంచి ఏటా కొత్త సంవత్సరం వేళ వెలుగుల గోళాన్ని కిందికి దించుతారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల దీపాల మీద ఆంక్షలు ఉండటంతో 1942లో, 1943లో దాన్ని దించలేదు. అయినా జనం వచ్చారు. తలలు వంచి ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు, ఆ తర్వాత గంటలు మోగాయి. ఆ గుంపులో కొడుకుని యుద్ధానికి పంపినవాళ్లు ఉండి ఉంటారు, కొడుకు తిరిగిరాడని తెలిసినవాళ్లూ ఉండి ఉంటారు. వాళ్లను ఎవరూ ఇంటి దగ్గరే ఉండమనలేదు, వచ్చాక ఏమీ జరగనట్టు నవ్వమనీ అనలేదు. గడ్డు ఏడాదిని ఎలా సాగనంపాలని నన్ను అడిగితే ఆ నిమిషాన్నే చూపిస్తాను.

ఇంట్లో పదిమంది కూడినప్పుడు ఇంత చేసినా చాలు. పోయిన మనిషి పేరు ఎత్తడానికి భయపడకండి. పేరు ఎత్తితే ఆ మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు బాధ గుర్తుకొస్తుందేమోనని మనం మానేస్తాం. వాళ్లు మరిచిపోతే కదా గుర్తుకు రావడానికి! ‘ఏం సాధించావు?’ అనడం మాని ‘ఈ ఏడాది నీకు తోడుగా ఎవరున్నారు?’ అని అడిగి చూడండి. నెలల తరబడి టైం కాని టైంలో ఫోన్ ఎత్తిన స్నేహితురాలు, ఆస్పత్రిలో రాత్రంతా కూర్చున్న తమ్ముడు, అడగకుండానే పని పంచుకున్న సహోద్యోగి గుర్తుకొస్తారు. సాధించినవి ఏమీ లేని ఏడాదిలో కూడా ఆ జాబితా ఖాళీగా ఉండదు, చాలామందికి. ఖాళీగా ఉందని ఎవరైనా చెబితే, ఆ మనిషిని ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదని మనకు తెలుస్తుంది.

దుఃఖంలో ఉన్నవాళ్లు తొమ్మిదింటికి వచ్చి పదింటికే వెళ్లిపోతామంటే వెళ్లనివ్వండి. అసలు రామంటే బలవంతపెట్టకండి, అలాగని పిలవడం మానకండి. రమ్మనకపోతే ‘నా దుఃఖం వాళ్లకు అడ్డమైంది’ అనుకుంటారు. అర్ధరాత్రి పన్నెండు గంటలకు ఫోన్లన్నీ మోగుతాయి, శుభాకాంక్షల మెసేజీలు వందల్లో వస్తాయి. అవన్నీ ఆగిపోయి అందరూ పనుల్లో పడిపోయే జనవరి రెండో వారంలో, ఏ కారణమూ లేకుండా, వాళ్లకు ఒకసారి ఫోన్ చేయండి.