పురిటికొచ్చిన చేపకు మా సారె

గోదావరి జిల్లాల్లో పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. మా కర్నూలు జిల్లాలో పుస్తెలమ్మితే బోరు వేయిస్తాం. ఆ బోరు ఎండితే రెండో బోరుకు అమ్మేందుకు ఏమీ మిగలదు గనక, పులస సంగతి మా ఇళ్ళల్లో ఎన్నడూ చర్చకు రాలేదు. అయినా ఆ చేప విషయంలో మా కర్నూలు ఊరికి తీరని అన్యాయం జరుగుతోందని ఈ మధ్య నాకు గట్టిగా అనిపిస్తోంది. దాని రుచి గురించి రాసేవాళ్ళు ధవళేశ్వరాన్ని, యానాన్ని పొగుడుతారు. అలాంటి చేపల కొవ్వులో పేరుకునే విషపు మందుల్లో ఎగువ ఊళ్ళ వాటా ఎంతో ఒక్కరూ రాయరు. కష్టం మాది, పేరు వాళ్ళది.

సముద్రంలో ఉన్నన్నాళ్ళు ఆ చేప ఇలస. వానాకాలం ఏట్లోకి ఎర్రనీరు దిగగానే ఎదురీదుకుంటూ వచ్చి, మంచినీళ్ళలో గుడ్లు పెట్టి, పులస అనిపించుకుంటుంది. అంటే పుట్టింటికి పురిటికొచ్చే ఆడబిడ్డ. (మగచేపలూ వెంటే వస్తాయి. అల్లుడు వెంట రావడం మనకేం కొత్త కాదు.) పురిటికొచ్చిన బిడ్డకు సారె పెట్టకుండా పంపే ఇల్లు తెలుగునాట ఉందా? ఆ మర్యాద తెలిసినవాళ్ళం కాబట్టే మా ఊరు ఏడాది పొడుగునా, కరువు ఏడు కూడా తప్పకుండా, సారె పంపుతూనే ఉంది.

మా సారె హంద్రీ ఏట్లో బయల్దేరుతుంది. హంద్రీ వాననీళ్ళతో పారేది ఏడాదికి కొన్నాళ్ళే. మిగతా రోజులు అది ఎండిపోకుండా కాపాడుతున్నది మా మురుగు కాలవలే. సబ్బు నురగ, మెకానిక్ షెడ్లలో ఒలికిన ఇంజనాయిలు, పత్తి చేలల్లో కొట్టిన మందు వానకు కడుక్కుని వచ్చింది, అన్నీ ఒడిబియ్యంలో పసుపు కొమ్ములు కలిసినట్టు కలిసిపోతాయి. 2011లో సుప్రీంకోర్టు ఆపించిందాకా ఎండోసల్ఫాన్ కూడా మా పత్తికి ఇంటి మనిషే. హంద్రీ ఊళ్ళోనే తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర అలంపురం దాటి కృష్ణలో, కృష్ణ శ్రీశైలం, సాగర్, పులిచింతల, బెజవాడ మీదుగా హంసలదీవి దగ్గర సముద్రంలో.

మీ నీళ్ళు పోయేది కృష్ణలోకి కదా, పులస ఉండేది గోదావరిలో కదా అని బెజవాడ వైపు నుంచి ఎవరో ఒకరు లేస్తారు. కృష్ణలోకీ ఇలస ఎక్కేది నాయనా, బెజవాడలో ఆనకట్ట కట్టకముందు ఇంకా పైకెక్కేది. అయినా 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక గోదావరే కృష్ణలోకి వస్తోంది. సముద్రంలోకి పోయాక ఏ చుక్క ఏ జిల్లాదో ఆధార్ చూపించి ఈదమని చేపను అడుగుతామా?

ఇక్కడ మన ఇంజనీరింగును మెచ్చుకోవాలి. 1850లలో ధవళేశ్వరంలోనూ బెజవాడలోనూ ఆనకట్టలు లేచాయి. ఇవి చేపల దారి మూసేస్తున్నాయని ఫ్రాన్సిస్ డే అనే దొర 1873లోనే సర్కారుకు నివేదిక రాసి మొత్తుకున్నాడు. పైకి వచ్చే చేపకు అడ్డం పడ్డ గోడ కిందికి పోయే మురుగుకు మాత్రం గేటెత్తి దారిస్తుంది. ఆడబిడ్డను వాకిట్లో నిలబెట్టి సారె మాత్రం చేతికందించడమంటే ఇదే. సారె అంతా శ్రీశైలం మడుగులో బురదై కూర్చుండిపోదా అంటారా, కొంత కూర్చుంటుంది. కూర్చున్నది లేవదని ధైర్యం చెప్పేవాళ్ళకోసం అమెరికాలో హడ్సన్ నది ఉంది.

హడ్సన్ ఒడ్డున ఫోర్ట్ ఎడ్వర్డ్, హడ్సన్ ఫాల్స్ అనే రెండు ఊళ్ళల్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కెపాసిటర్లు చేసేది. 1947 నుంచి 1977 దాకా ముప్పై ఏళ్ళలో 13 లక్షల పౌండ్ల వరకు పీసీబీలు ఏట్లో కలిశాయని అక్కడి పర్యావరణ సంస్థ లెక్క. పీసీబీ అనగానే మనకు గుర్తొచ్చేది కాలుష్య నియంత్రణ మండలి. అక్కడ అది ఒక నూనెలాంటి రసాయనం పేరు. దాని గుణాలు చెబుతాను వినండి. నీళ్ళు పోసినా కరగదు. వేడి చేసినా తొణకదు. ఒకసారి అడుగున కూర్చుంటే ఏళ్ళకేళ్ళు కదలదు, కొవ్వు ఉన్నచోట మాత్రం ఇట్టే చేరుతుంది. పేరు ఒకటే కావడం కేవలం కాకతాళీయమని నా నమ్మకం.

ఆ బురద ఫోర్ట్ ఎడ్వర్డ్‌లో ఒక పాత ఆనకట్ట వెనక బుద్ధిగా కూర్చునుంది. 1973లో ఆనకట్ట తీసేశారు. ఆరేడు తరాల వరహాల మూట తెగినట్టు చాలా మటుకు కిందికి దొర్లింది. బురదలో పురుగు, పురుగును తిన్న చిన్న చేప, దాన్ని తిన్న పెద్ద చేప, మెట్టు మెట్టుకూ మందు చిక్కబడుతూ పోయింది. ఒంటి మీద చారలుండే స్ట్రైప్డ్ బాస్ అనే చేప మన పులసలాగే సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏట్లోకి వస్తుంది. 1976లో సర్కారు కళ్ళు తెరిచింది. తెరిచి ఎవరిని పట్టుకుందనుకున్నారు? చేపను. హడ్సన్‌లో ఆ బాస్‌ను పట్టి అమ్మడం బంద్ చేశారు. జాలరి వల చుట్టి ఇంటికి పోయాడు. ఏటి అడుగున బురద తోడడం మొదలైంది 2009లో. ముప్పై మూడేళ్ళు! ఇంత నిదానం మా హంద్రీ-నీవా కాలవల దగ్గరే ఉందనుకుని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను, ఇప్పుడు తలెత్తుకు తిరుగుతున్నాను.

బాస్‌ను ఆపారు గాని, షాడ్ అనే ఇంకో చేపను పట్టనిచ్చారు. షాడ్ మన పులసకు వరసకు అక్క. అదీ పురిటికే ఏటికొస్తుంది, కాకపోతే వచ్చిన దారిలో మేత దాదాపు ముట్టదు. తినదు కాబట్టి ఏటి మందు దాని ఒంటికి పెద్దగా పట్టదు. అందుకని షాడ్ కోసం వల వేసిన జాలరి, అదే వలలో పడ్డ బాస్‌ను వెనక్కి విసిరేయాల్సి వచ్చేది, 2010లో షాడ్ వేట కూడా ఆపేదాకా. ఏకాదశి ఉపవాసం వల్ల ఒంట్లో మలినం పోతుందని మా అవ్వ చెబితే చిన్నప్పుడు నవ్వాను. అమెరికా సర్కారు దాన్నే చేపల విధానంగా పెట్టుకుంది. ఏట్లోకి వదిలేది ఆపడం కష్టమైనప్పుడు, ఏట్లో ఉన్నవాళ్ళను తినకుండా ఉండమనడం ఎంత చవకైన మార్గం!

తినేవాళ్ళకూ సలహాలిచ్చారు. పిల్లలు, పిల్లలను కనే వయసు ఆడవాళ్ళు దూరంగా ఉండండి. తక్కినవాళ్ళు తోలు, పొట్ట కొవ్వు కోసేయండి, వండాక కారిన నూనె పారబోయండి. పీసీబీ కొవ్వులో ఉంటుంది గనక ఈ సలహా పనిచేస్తుంది. పాదరసమైతే కండలోనే ఇంకుతుంది, ఏ కత్తికీ అందదు. జపాన్‌లో మినమాట దగ్గర సముద్రంలోకి ఒక కారఖానా వదిలిన పాదరసం తెచ్చిన జబ్బు 1956లో బయటపడింది. మనుషులకన్నా ముందు అక్కడి చేపలు తిన్న పిల్లులు పిచ్చెక్కి గిరగిరా తిరిగి చచ్చాయి. మా వీధిలో పిల్లులకు లోటు లేదు. ఆ లెక్కన పరీక్షల విభాగంలో మాకు సిబ్బంది కొరత లేనట్టే.

మొన్న ఆదివారం చేపల అంగడికి పోయాను. చేప పురిటికి మా దాకా రాలేదు గాని, థర్మాకోల్ పెట్టెలో ఐసు కప్పుకుని లారీలో వచ్చింది. ఏ బ్యారేజీ ఆపలేదు.

"ఇది యాడిది?" అన్నాను.

"కోస్తాది సార్. ఇలస. పులసకు చెల్లెలు."

"మందు గిందు కలిపినారా?" 2018లో, చేపలు చెడకుండా ఫార్మలిన్ కలుపుతున్నారన్న గొడవతో అస్సాం మన చేపలను కొన్నాళ్ళు రానీయలేదన్న సంగతి నేనింకా మరవలేదు.

"మేమేం కలపలేదు సార్. ఏట్లో ఏం తాగొచ్చిందో దానికే తెలియాల."

ఇంత సత్యం పలికిన వ్యాపారిని నేను చూడలేదు. బేరమాడడం మానేసి కిలో తీసుకున్నాను. హడ్సన్ సలహా ప్రకారం పొట్ట కొవ్వు కోసేయమంటే అతను కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"కొవ్వు దీసేస్తే ఇంగ ఏముంటాది సార్ దీంట్లో? ముండ్లు."

ఇంటికి తెచ్చి నేనే కోశాను. తోలు, కొవ్వు, పేగులు ఒక గిన్నెలోకి చేరాయి. వీధిలో మా పరీక్షాధికారి ఉందేమోనని చూశాను, ఆదివారం సెలవు కాబోలు. గిన్నె కడిగి, ఆ నీళ్ళు పెరటి కాలవలో పోశాను. కాలవ మలుపు తిరిగి హంద్రీ వైపు పారింది.

ఈ ఏటి సారె బయల్దేరింది.